అమ్మమ్మ ఫొటోలకి ఓనర్ ఎవరు?

సెప్టెంబర్ 6, శనివారం

మా ఇంట్లో ఫొటోలు మూడు చోట్ల పడి ఉన్నాయి. పాత డెస్క్‌టాప్ చచ్చిపోయినప్పుడు ఊడదీసి దాచిన 1 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి. అక్క పెళ్ళి వీడియోలతో బావగారు ఇచ్చిన 2 టీబీ పోర్టబుల్ డిస్క్ ఒకటి. మూడోది నాన్న పెన్‌డ్రైవ్, అందులో ఏముందో ఆయనకే గుర్తు లేదు. వీటన్నిటినీ ఒక రాస్ప్‌బెర్రీ పై 4కి, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌కి, తగిలించి, టీవీ వెనక పెట్టి, ఇంట్లో ఎవరి ల్యాప్‌టాప్‌లోంచైనా కనబడేలా చేయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. రాజమండ్రిలో రెండు రోజులుగా వాన. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

పైలో డెబియన్ 12 అనే లైనక్స్ మీద కట్టిన ఓఎస్ వేశాను. ముగ్గురికి అకౌంట్లు తెరిచాను. నా యూజర్ నంబరు, అంటే యూఐడీ, 1000. అక్కది 1001, నాన్నది 1002. అందరికీ కలిపి 'ఇల్లు' అని ఒక గ్రూపు, దానికి 1005 ఇచ్చాను.

మొదట బావగారి డిస్క్. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, ఓనర్‌ని మార్చే చోన్ కమాండ్‌తో దాన్ని నా పేరు మీద పెట్టి, దాని మీద డిస్క్‌ని మౌంట్ చేశాను, అంటే డిస్క్‌లో ఉన్నవి ఆ ఫోల్డర్‌లో కనబడేలా తగిలించాను. చూస్తే ఓనర్ రూట్, అంటే సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉన్న యూజర్. డిస్క్ తీసేస్తే మళ్ళీ నా పేరు. తగిలిస్తే రూట్. రెండుసార్లు తీసి పెట్టాక గాని అర్థం కాలేదు. నేల మీద చాప పరిచినట్టే ఇది. నేల మీద నేను ఎంత ముగ్గేసుకున్నా, పైన కనబడేది చాపే. మౌంట్ అయ్యాక ఆ చోట చెల్లేది డిస్క్ సొంత మొదటి ఫోల్డర్ పర్మిషన్లే, కింద ఉన్న ఫోల్డర్‌వి కావు.

సరే, మౌంట్ చేశాకే చోన్ చేద్దామని చేశాను. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంది. రూట్ అధికారంతో నడిపే సుడో పెట్టి కొట్టినా అదే మాట. రూట్‌కే పర్మిషన్ లేదంటే మొదట నాకు నవ్వొచ్చింది, తర్వాత టెన్షన్ వచ్చింది, డిస్క్ గాని పాడైందేమోనని.

డిస్క్‌కి ఏ జబ్బూ లేదు. అది ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ 2006లో ఫ్లాష్ డ్రైవుల కోసం తెచ్చిన ఫార్మాట్. అందులో ఫైలు పేరు, సైజు, తేదీ రాసుకోడానికి చోటుంది గాని, ఓనర్ ఎవరో రాసుకోడానికి గడే లేదు. లేని గడిలో రూట్ మాత్రం ఏం రాస్తుంది? పెళ్ళి వీడియో ఒక్కోటి 4 జీబీ దాటింది కాబట్టి బావగారు ఫ్యాట్32 వాడలేకపోయారు. అది వాడినా ఇదే కథ.

ఇంకో తమాషా ఏంటంటే, చోన్ కనీసం కుదరదని మొహం మీద చెప్తుంది. పర్మిషన్లు మార్చే చ్‌మోడ్ అలా కాదు, ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా సరేనంటుంది. వెళ్ళి చూస్తే ఏమీ మారి ఉండదు. చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళకి 'తప్పకుండా చేద్దాం' అని చెప్పే పెద్దమనిషి లాంటిది. దీని చేతిలో అరగంట పోయింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఇలాంటి డిస్క్‌లకి ఓనర్‌ని మౌంట్ చేసేటప్పుడే చెప్పాలి. యూఐడీ ఇంత, జీఐడీ (గ్రూపు నంబరు) ఇంత అని ఆప్షన్లలో ఇస్తే, డిస్క్ మీదున్న ప్రతి ఫైలూ ఆ పేరు మీదే కనబడుతుంది. ఇది కనబడడమే, డిస్క్ మీద ఏమీ రాయదు. రేపు ఇంకో మెషిన్‌లో ఇంకో నంబరుతో మౌంట్ చేస్తే ఆ పేరు మీద కనబడుతుంది.

యూఐడీకి 1000, జీఐడీకి 1005 ఇచ్చాను. ఇక పర్మిషన్లు. ఫైళ్ళకి 664 కావాలి, అంటే నేనూ గ్రూపూ చదవొచ్చు, రాయొచ్చు, మిగతావాళ్ళు చదవడం వరకే. మూడంకెలూ వరసగా ఓనర్‌కి, గ్రూపుకి, మిగతావాళ్ళకి; చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపి రాస్తారు. ఎఫ్‌మాస్క్ అనే ఆప్షన్‌కి 0664 అని ఇచ్చి దర్జాగా మౌంట్ చేశాను. ఒక్క వీడియో కూడా తెరుచుకోలేదు.

మాస్క్ అంటే ఇచ్చేవి కాదు, తీసేసేవి. 777లోంచి 664ని కోసేస్తే మిగిలేది 113. అంటే ఫైలు ఓనర్‌నైన నాకు చదివే హక్కూ లేదు, రాసే హక్కూ లేదు, ఉత్త నడిపే హక్కు. దారిన పోయే దానయ్యకి మాత్రం రాసే హక్కు! అక్క పెళ్ళి వీడియో నేను చూడకూడదు, ఎవడో వచ్చి చెరిపేయొచ్చు. సరిగ్గా తిరగేసిన సంసారం.

చివరికి కుదిరిన లెక్క: ఫైళ్ళకి ఎఫ్‌మాస్క్ 0113, దాంతో 664 మిగులుతుంది. ఫోల్డర్లకి డీమాస్క్ 0002, దాంతో 775. రెండిటికీ కలిపి యూమాస్క్ అని ఒక్కటే ఇవ్వొచ్చు గాని, ఫోల్డర్‌లోకి వెళ్ళాలంటే నడిపే హక్కు, అంటే ఎక్స్ బిట్, ఉండి తీరాలి. ఒకే మాస్క్ పెడితే ప్రతి ఫొటోకీ ఎక్స్ వచ్చి, లిస్టంతా ప్రోగ్రాముల్లా పచ్చగా కనబడుతుంది. విడివిడిగా ఇవ్వడమే నయం. మార్చిన ప్రతిసారీ డిస్క్‌ని పూర్తిగా అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేశాను.

ఇదే లైను ఎఫ్‌స్టాబ్‌లో, అంటే బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ని ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైలులో, రాశాను. డిస్క్‌ని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కాకుండా యూయూఐడీతో, అంటే డిస్క్ సొంత గుర్తింపు నంబరుతో, గుర్తించేలా పెట్టాను. రెండు డిస్క్‌లు తగిలించినప్పుడు ఏది ముందు లేస్తే దానికి ఆ పేరు వస్తుంది మరి.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక ఓ గంట పని చేద్దామని కూర్చుంటే మూడు గంటలు పట్టింది.

పాత డెస్క్‌టాప్ డిస్క్ ఈఎక్స్‌టీ4, లైనక్స్ సొంత ఫార్మాట్. మొన్న రాసిన లైను బాగా పనిచేసింది కదా అని దాన్నే కాపీ చేసి, యూయూఐడీ, ఫార్మాట్ పేరు మార్చి, చెక్ చేయకుండా రీబూట్ కొట్టాను. పై మళ్ళీ లేవలేదు. ల్యాప్‌టాప్‌లోంచి పైలోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ రావడం లేదు, పింగ్‌కి జవాబు లేదు. హెచ్‌డీఎంఐ తీగ టీవీకి తగిలిద్దామంటే నాన్న వార్తలు చూస్తున్నారు. 'అయిపోతుంది నాన్నా, రెండు నిమిషాలు' అని బతిమాలి తగిలిస్తే, ఎమర్జెన్సీ మోడ్‌లో ఉన్నాను, రూట్ అకౌంట్‌కి తాళం ఉంది కాబట్టి కన్సోల్ ఇవ్వలేను అని రాసి ఉంది. రెండు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి.

తప్పు నాదే. ఈఎక్స్‌టీ4 ప్రతి ఫైలుకీ ఓనర్‌ని తనే రాసుకుంటుంది. దానికి బయటినుంచి యూఐడీ ఆప్షన్ ఇస్తే ఆ మాటే తెలియదంటుంది, మౌంట్ అవదు. మౌంట్ అవకపోతే బూట్ కూడా అక్కడే ఆగిపోతుంది. ఎస్‌డీ కార్డు తీసి నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఎఫ్‌స్టాబ్‌లో ఆ ఆప్షన్లు కొట్టేసి, రెండు డిస్క్‌ల లైన్లకీ నోఫెయిల్ అని చేర్చాను. ఇప్పుడు డిస్క్ లేకపోయినా పై లేస్తుంది. ఇకనుంచి రీబూట్ ముందు, ఎఫ్‌స్టాబ్ లైన్లన్నిటినీ అప్పుడే మౌంట్ చేసి చూసే మౌంట్ -ఏ కొట్టాలని స్క్రీన్ కింద చీటీ అంటించుకున్నాను.

సెప్టెంబర్ 13, శనివారం

ఈఎక్స్‌టీ4 డిస్క్ చక్కగా మౌంట్ అయింది. అందులో నా పాత ఫోల్డర్, అక్క ఫోల్డర్, ఇద్దరం వాడుకున్న ఫొటోల ఫోల్డర్. నాది తెరవబోతే 'పర్మిషన్ డినైడ్'. తాళం వేసింది నేనే, పదేళ్ళ కింద, 700 పెట్టి. పక్కనే అక్క ఫోల్డర్. దానికీ 700. అది మాత్రం నొక్కగానే తెరుచుకుంది.

లోపల 'పర్సనల్' అని ఇంకో ఫోల్డర్ కనబడింది. అక్కడే ఆగి ఫోన్ చేశాను.

'అక్కా, పాత డిస్క్‌లో నీ ఫోల్డర్ నాకు తెరుచుకుంటోంది.'

'తెరుచుకుంటోందా, తెరిచావా?'

'తెరుచుకుంది. లోపలికి పోలేదు.'

'ఒరేయ్, నువ్వు చూశావని తెలిస్తే దసరాకి వచ్చినప్పుడు నీ సంగతి చెప్తా. మూసేయ్ ముందు.'

ఎల్‌ఎస్ కమాండ్‌కి ఎన్ కలిపి కొడితే పేర్ల బదులు నంబర్లు చూపిస్తుంది. అందులో బయటపడింది. అప్పట్లో డెస్క్‌టాప్‌లో ఉబుంటు వేసింది అక్క, తను ఇంజినీరింగ్ చదివేటప్పుడు. మొదటి యూజర్ తను, కాబట్టి తనది 1000. తర్వాత చేరిన నాది 1001. ఇప్పుడు పైని పెట్టింది నేను, కాబట్టి నేను 1000, తను 1001. డిస్క్ మీద ఐనోడ్‌లో, అంటే ఫైలు వివరాలు రాసుకునే చోట, నంబరు మాత్రమే ఉంటుంది, పేరు ఉండదు. పేరు ఆ మెషిన్‌లోని పాస్‌వర్డ్ ఫైలు చూసి అప్పటికప్పుడు అతికిస్తుంది. డిస్క్ ఇంకో మెషిన్‌కి వెళ్తే నంబరు వెంట వెళ్తుంది, పేరు పాత ఇంట్లోనే ఉండిపోతుంది. దాంతో మా ఇద్దరి ఆస్తులూ తారుమారయ్యాయి.

ఆ 700 తాళం మీద నాకున్న నమ్మకం కూడా ఇవాళ పోయింది. డిస్క్ ఊడదీసి పట్టుకెళ్ళినవాడు ఎవడైనా తన మెషిన్‌లో 1000 నంబరు యూజర్ అయితే చాలు. అంత కూడా అక్కర్లేదు, వాడి మెషిన్‌లో వాడే రూట్. నిజంగా దాచుకోవాల్సినవి ఉంటే ఎన్‌క్రిప్షనే.

సెప్టెంబర్ 14, ఆదివారం

నంబర్లు మార్చుకోవాలి. 1000ని 1001, 1001ని 1000. ఫైండ్‌తో 1000 ఉన్న ఫైళ్ళన్నీ వెతికి 1001 చేశాను. తర్వాత 1001 ఉన్నవన్నీ వెతికి 1000 చేశాను. కాఫీ తాగొచ్చి చూస్తే డిస్క్ మొత్తం నాదే.

చదివేవాళ్ళకి ఈపాటికే వెలిగి ఉంటుంది, నాకు ఇంకో పది నిమిషాలు పట్టింది. మొదటి కమాండ్ అయ్యేసరికి అక్కవీ నావీ అన్నీ 1001 అయిపోయాయి. రెండో కమాండ్ ఆ మొత్తాన్ని ఊడ్చి నా చేతిలో పెట్టింది. రెండు గ్లాసుల్లో పాలూ నీళ్ళూ మార్చాలంటే మూడో గ్లాసు కావాలి. 1000ని ముందు ఎవరూ వాడని 2000కి మార్చి, 1001ని 1000 చేసి, చివర 2000ని 1001 చేయాలి. చిన్నప్పుడు కంప్యూటర్ క్లాసులో రెండు వేరియబుళ్ళు మార్చే ప్రోగ్రాం రాయించారు, టెంప్ అని మూడోది పెట్టి. మార్కులు కూడా వచ్చాయి.

మా ఇద్దరి సొంత ఫోల్డర్లు పెద్ద నష్టం లేకుండా సర్దుకున్నాయి. ఎవరి ఫోల్డర్‌లో ఉన్నవి వాళ్ళవే కదా, మొత్తం చోన్ చేశాను, సింబాలిక్ లింకులు ఉన్నచోట అవి చూపించే ఫైళ్ళ జోలికి పోకుండా హెచ్ ఆప్షన్ పెట్టి. ఇలా నంబర్లు మార్చకుండానే, మౌంట్ చేసేటప్పుడు ఈ నంబర్‌ని ఆ నంబర్‌గా చూపించు అనే ఐడీ-మ్యాప్డ్ మౌంట్ పద్ధతి ఒకటుంది, లైనక్స్ 5.12 నుంచి. కెర్నల్ నాకు సరిపోయేదే. కాని దాన్ని మౌంట్ కమాండ్‌లోనే చెప్పాలంటే యుటిల్-లైనక్స్ 2.39 కావాలి, డెబియన్ 12లో ఉన్నది 2.38. వదిలేశాను.

మిగిలింది ఇద్దరిదీ కలిసిన ఫొటోల ఫోల్డర్. అక్కడ ఏ ఫొటో ఎవరు ఎక్కించారో చెప్పడానికి ఉన్న ఒకే ఒక గుర్తు ఆ నంబరు. దాన్నే నేను తుడిచేశాను. మామూలుగా అయితే ఏమీ కాదు. కాని అందులో అమ్మమ్మ ఫొటోలున్నాయి. ట్రంకుపెట్టెలోని నలుపు తెలుపు ఫొటోలన్నీ స్కాన్ చేసింది నేనే అని నేనూ, తనేనని అక్కా పదేళ్ళుగా వాదించుకుంటున్నాం. తేల్చేసే సాక్షిని చేతులారా చంపుకున్నాను. అక్కకి ఇది ఇప్పుడే చెప్పను.

ప్రస్తుతానికి ఆ ఫోల్డర్ మొత్తం నాన్న పేరు మీద, ఇల్లు గ్రూపు కింద పెట్టాను. ఫోల్డర్లకి 2775. ముందున్న ఆ 2 వల్ల లోపల ఎవరు కొత్త ఫైలు చేసినా దాని గ్రూపు 'ఇల్లు' అవుతుంది. అయినా అది సగం పనే. డెబియన్‌లో మామూలు యూమాస్క్ 022 కాబట్టి గ్రూపుకి రాసే హక్కు పోతుంది. సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో డిఫాల్ట్ ఏసీఎల్, అంటే కొత్త ఫైళ్ళకి వారసత్వంగా వచ్చే హక్కుల జాబితా, పెడితే ఆ యూమాస్క్‌ని పక్కన పెట్టేస్తుంది. ఒక్క మెలిక: అదే డిస్క్‌లో వేరే చోటినుంచి ఎంవీతో జరిపిన ఫైలు పాత గ్రూపుతోనే వస్తుంది. కొత్తగా పుట్టిన ఫైళ్ళకే ఈ వారసత్వం, నడిచొచ్చినవాటికి లేదు. కాపీ చేసి పాతది తీసేస్తే గొడవ లేదు.

సెప్టెంబర్ 20, శనివారం

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. పైకి చిన్న యూపీఎస్ ఉంది, డిస్క్‌ల హబ్‌కి లేదు. డిస్క్‌లు ఊడిపోయాయి, పై నడుస్తూనే ఉంది. ఎందుకో తర్వాత పై కూడా ఒకసారి రీబూట్ అయింది. డిస్క్‌లు లేకుండానే లేచింది, నోఫెయిల్ పెట్టింది నేనే కదా. నా ఫోన్‌లోంచి రాత్రిపూట ఫొటోలు పంపే స్క్రిప్ట్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఎక్కడికి? చాప లేని నేల మీదికి, అంటే ఎస్‌డీ కార్డులోకి.

ఇవాళ కార్డు నిండిపోయిందని గోల. ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ చూస్తే 32 జీబీలో ఏమీ మిగల్లేదు. ఫైళ్ళ సైజులు కూడే డీయూతో చూస్తే 9 జీబీ కూడా లేదు. మిగతాది ఎక్కడ? నిన్న డిస్క్‌లు మళ్ళీ తగిలించి మౌంట్ చేశాను కదా, చాప మళ్ళీ పరిచినట్టు. కింద పడినవన్నీ దాని కింద ఉండిపోయాయి. రూట్ ఫైల్ సిస్టమ్‌ని ఇంకో చోట బైండ్ మౌంట్ చేస్తే, మీద పరిచిన డిస్క్‌లు రాకుండా ఉత్త నేల కనబడుతుంది. అందులో దొరికాయి, నా ఫోన్ వీడియోలన్నీ.

మళ్ళీ జరక్కుండా, డిస్క్ అన్‌మౌంట్ చేసి, ఆ ఖాళీ ఫోల్డర్ మీద చాట్టర్ కమాండ్‌తో ఐ గుర్తు, అంటే ఎవరూ మార్చకూడదనే గుర్తు, పెట్టాను. ఇక దానిలో రూట్ కూడా ఫైలు చేయలేదు. నా స్క్రిప్ట్ రూట్‌గా నడుస్తోంది కాబట్టి మామూలు పర్మిషన్లు తీసేస్తే సరిపోదు. చిత్రంగా, ఐ గుర్తు ఉన్నా దాని మీద డిస్క్ మౌంట్ అవడానికి ఏ అడ్డూ లేదు. స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో డిస్క్ ఉందా లేదా అని చూసే లైను కూడా చేర్చాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

అక్కా బావగారూ నిన్న వచ్చారు. తన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. పాత డిస్క్ మొత్తాన్ని ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే పద్ధతిలో, పంచి తనకి ఇచ్చాను. కాసేపటికి హాల్లోంచి కేక.

'ఒరేయ్, 'డైరీ 2013' అని ఒక ఫోల్డర్ కనబడుతోంది. ఇది నీదేనా?'

పరిగెత్తాను. నా ఫోల్డర్, 700 తాళం ఉన్నది, తనకి హాయిగా తెరుచుకుంది. తన ల్యాప్‌టాప్‌లో తనొక్కతే యూజర్, కాబట్టి 1000. వచ్చింది ఎవరో రుజువు అడిగే కెర్బరోస్ లాంటిది పెట్టకపోతే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ క్లయింట్ చెప్పిన నంబర్‌ని నమ్మేస్తుంది. 1000 వచ్చింది, పై దృష్టిలో 1000 అంటే నేను. రూట్ అని చెప్పుకుంటూ వస్తే మాత్రం నమ్మదు, రూట్ స్క్వాష్ అని దాన్ని ఎవరికీ చెందని 65534కి దించేస్తుంది. మామూలు నంబర్లకి అలాంటి కాపలా లేదు.

'మూసేయ్ అక్కా.'

'తెరుచుకుంది రా, నేను తెరవలేదు.'

ఎవరికి ఏది పంచాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో తన ల్యాప్‌టాప్ ఐపీకి వేరే లైను రాశాను. ఆల్ స్క్వాష్ పెట్టి, అనాన్‌యూఐడీ 1001, అనాన్‌జీఐడీ 1005. ఇప్పుడు అక్కడినుంచి ఎవరు ఏ నంబరుతో వచ్చినా అక్క కిందే లెక్క. ఐపీ మారకుండా రౌటర్‌లో కట్టేశాను. ఇంటి వరకు ఇది చాలు. పక్కింటివాళ్ళకి వైఫై పాస్‌వర్డ్ ఇచ్చిన సంగతి గుర్తొచ్చి, అది కూడా మార్చాను.

భోజనాల దగ్గర అమ్మమ్మ ఫొటోల సంగతి ఒప్పుకోక తప్పలేదు. నేననుకున్నంత గొడవ కాలేదు. అక్క అన్నం కలుపుతూ, 'ఆ డెస్క్‌టాప్‌ది టార్ బ్యాకప్ ఒకటి తీశా కదా, నాన్న పెన్‌డ్రైవ్‌లో వేశా. చూశావా?' అంది.

పెన్‌డ్రైవ్ అసలు తెరవనే లేదు. ఫ్యాట్32, ఓనర్ అనే మాటే ఎరగని ఫార్మాట్. అందులో 3 జీబీ పైచిలుకు టార్ ఫైలు, అంటే బోలెడు ఫైళ్ళని ఒకే మూటగా కట్టింది, ఒకే ఒకటి. టార్ తన లోపల ప్రతి ఫైలుకీ యూఐడీ నంబరూ, దానితోపాటు అప్పటి యూజర్ పేరూ రెండూ రాసుకుంటుంది. విప్పకుండానే లిస్ట్ మాత్రం తీశాను. బావగారు, నాన్న కూడా వెనక నిలబడ్డారు.

అమ్మమ్మ ఫోల్డర్‌లో 152 ఫొటోలు. 143 అక్క పేరు మీద. 9 నా పేరు మీద, వాటిలో 4 తలకిందులుగా స్కాన్ అయి ఉన్నాయి.

ఆ లిస్ట్‌లోంచి పేర్లు తీసి చోన్ చేసే చిన్న స్క్రిప్ట్ రాస్తున్నాను. ఈసారి లిస్ట్‌ని కాపీ తీసి పెట్టుకున్నాకే నడుపుతాను. అక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.